బదులు మనిషి లేని పని

కోవిడ్ మొదలైన కొత్తల్లో, ఇంట్లోనే ఉన్న రోగిని ఎలా చూసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు ఇచ్చింది. రోగిని గాలి వెలుతురు ఉన్న గదిలో విడిగా ఉంచండి, కనీసం ఒక మీటరు దూరం పాటించండి, చూసుకునే పని ఒక్కరికే అప్పగించండి. ఆ ఒక్కరూ మంచి ఆరోగ్యంతో, దీర్ఘకాలిక జబ్బులేవీ లేకుండా ఉంటే మేలు. వైద్యపరంగా ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. డెబ్బై ఎనిమిదేళ్ల ఆయన పక్షవాతంతో మంచాన ఉన్నారు. చూసుకునేది డెబ్బై రెండేళ్ల భార్య. ఆవిడకి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. మంచాన పడిన మనిషికి ఒంటి మీద పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పాలి. తిప్పాలంటే ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి, ఆయన ఊపిరి తన మొహానికి తగిలేంత దగ్గరగా వంగాలి. మీటరు దూరం ఎక్కడ పాటించాలి? ఏ జబ్బూ లేని ఆ ఒక్కరిని ఎక్కడి నుంచి తేవాలి?

అంతకుముందు ఆవిడకి ఒక ఏర్పాటు ఉండేది. వారానికి రెండు రోజులు వ్యాను వచ్చి ఆయన్ని డే కేర్ సెంటర్‌కి తీసుకెళ్లేది. రోజూ ఉదయం స్నానం చేయించడానికి ఒక అటెండెంట్ వచ్చేవాడు. ఆదివారం కూతురు వచ్చి కూర్చుంటే ఆవిడ బయటకి వెళ్లి రెండు గంటలు తిరిగొచ్చేది. 2020 మార్చిలో ఈ మూడూ ఒకే వారంలో ఆగిపోయాయి. సెంటర్ మూసేశారు, అటెండెంట్‌ని రానివ్వలేదు, కూతురిది వేరే ఇల్లు కాబట్టి రాకూడదన్నారు. ఆవిడ పని మాత్రం ఆగలేదు. నిజానికి మూడింతలైంది.

ఈ ఇల్లు నేను అల్లిందే. కానీ లాక్‌డౌన్ పెట్టిన ఏ దేశంలో చూసినా ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి. జీతం లేకుండా ఇంట్లో మనిషిని చూసుకునేవాళ్లకి మహమ్మారి కాలంలో ఎలా సాయపడాలి అన్న చర్చ మొదలైతే అలవెన్సులు, మాస్కులు, టీకాలు, హెల్ప్‌లైన్లు అంటూ చాలా విషయాలు కలగాపులగంగా వచ్చి పడతాయి. అన్నీ అవసరమే. అయితే ఈ పని నడిచేది బదులు మనిషి మీద. అసలు మనిషి ఒక గంట పక్కకి జరిగితే ఆ చోట నిలబడే ఇంకో మనిషి. మహమ్మారి ముందు లాగేసుకున్నది ఆ మనిషినే. ఏ పథకాన్నైనా చూడాల్సింది ఈ కోణంలోంచే: ఇది బదులు మనిషిని ఇస్తోందా, లేక ఉన్న మనిషినే ఇంకాస్త సాగదీస్తోందా?

లెక్కలో లేనివాళ్లు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో జనం జీతం లేకుండా చేసే ఇంటి పని, సంరక్షణ పని రోజుకి 1,640 కోట్ల గంటలు. అంటే 200 కోట్ల మంది రోజుకి 8 గంటల చొప్పున ఒక్క రూపాయి తీసుకోకుండా ఉద్యోగం చేస్తున్నట్టు. అందులో 76.2 శాతం ఆడవాళ్లు చేస్తున్నదే. వంట, పిల్లల పెంపకం కూడా ఇందులో కలిసే ఉన్నాయి కాబట్టి ఈ అంకె మొత్తాన్నీ జబ్బు మనుషుల సేవ కింద రాయకూడదు. కానీ పని ఎవరి మీద పడుతుందో తెలియడానికి ఇది చాలు.

జబ్బు మనుషుల్ని, వికలాంగుల్ని, ముసలివాళ్లని చూసుకునేవాళ్లు విడిగా ఎంతమంది అంటే జవాబు అంత తేలిగ్గా దొరకదు. బ్రిటన్‌లో కేరర్స్ యూకే అనే సంస్థ 2020 జూన్‌లో సర్వే ఆధారంగా ఒక అంచనా వేసింది: అప్పటికే ఉన్న 91 లక్షల మందికి తోడు మహమ్మారి వల్ల కొత్తగా 45 లక్షల మంది ఈ పనిలోకి వచ్చారు, మొత్తం కోటీ 36 లక్షలు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో మాత్రం తేలింది దాదాపు 50 లక్షలే. ఈ రెండో అంకెలో స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ లేవు, నిజమే. అడిగిన తీరు కూడా వేరు. అయినా ఇంత తేడా ఉందంటే లెక్కించేవాళ్ల తప్పు ఒక్కటే కాదు, లెక్కలోకి రావాల్సిన మనిషి చెయ్యెత్తకపోవడం కూడా కారణమే.

ఎందుకు ఎత్తరంటే, "నేను కేర్‌గివర్‌ని" అని ఎవరూ అనుకోరు. "మా అమ్మని చూసుకుంటున్నా" అంటారు. కేర్‌గివర్ అంటే ఒక హోదాలా వినిపిస్తుంది, ఒక దరఖాస్తు ఫారంలా వినిపిస్తుంది. చూసుకోవడం బంధుత్వంలోనే ఉన్న పని, దానికి వేరే పేరు పెట్టుకోవడం చాలామందికి తప్పుగా కూడా అనిపిస్తుంది. మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద ప్రమాదం కనబడదు. మహమ్మారిలో ప్రభుత్వం ఏదైనా పంచాలనుకున్న రోజున జాబితా కావాలి, ఆ జాబితా ఉండదు.

టీకాల దగ్గర ఇది బాగా తెలిసొచ్చింది. బ్రిటన్‌లో టీకాల ప్రాధాన్య క్రమంలో జీతం లేని సంరక్షకుల్ని 6వ వర్గంలో పెట్టారు. మంచి నిర్ణయం. అమలు దగ్గరికొస్తే వాళ్లని ఎక్కడ వెతకాలి? కేరర్స్ అలవెన్స్, అంటే ఇలా చూసుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి, తీసుకునేవాళ్ల జాబితా ఒకటి ఉంది. ఆ అలవెన్స్ రావాలంటే వారానికి కనీసం 35 గంటలు చూసుకుంటూ ఉండాలి, బయట సంపాదన అప్పటి లెక్కన వారానికి 128 పౌండ్లు దాటకూడదు. ఒక్క పౌండు దాటినా మొత్తం పోతుంది. కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ తండ్రిని చూసుకునే యాభై ఏళ్ల కూతురు ఆ జాబితాలో ఉండదు. ప్రభుత్వ పింఛను వచ్చే పెద్దవాళ్లలో చాలామందికీ పింఛనే అలవెన్స్ కంటే ఎక్కువ కాబట్టి అది చేతికి రాదు. మిగిలింది ఫ్యామిలీ డాక్టర్ దగ్గర రికార్డు. డాక్టర్‌తో ఎప్పుడైనా ఈ మాట చెప్పి ఉంటేనే అందులో పేరు ఉంటుంది.

సాయం అందించే పనిలో ఉన్నవాళ్లు మహమ్మారి రాకముందే చేసి పెట్టుకోగలిగిన పని ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. ఆసుపత్రి నుంచి రోగిని డిశ్చార్జ్ చేసేటప్పుడు, మందుల చీటీ రాసేటప్పుడు, "ఇంట్లో వీరిని చూసుకునేది ఎవరు?" అని అడిగి ఆ పేరు రాసుకోవడం. "కేర్‌గివరా మీరు?" అని అడిగితే కాదంటారు. చూసుకునేది ఎవరని అడిగితే వెంటనే చెప్తారు.

చెత్త సంచులు

రక్షణ సామగ్రి సంగతికొస్తే, కోవిడ్ కంటే ముందు జరిగిన ఒక కథ చెప్పాలి. 2014లో లైబీరియాలో ఎబోలా వచ్చినప్పుడు ఆసుపత్రుల్లో చోటు దొరక్క ఒక నర్సింగ్ విద్యార్థిని తన ఇంట్లోనే నలుగురిని చూసుకుంది: తండ్రి, తల్లి, అక్కచెల్లెళ్లలో ఒకరు, ఒక బంధువుల పిల్ల. రక్షణ దుస్తులు లేవు. సాక్సుల మీద చెత్త సంచులు తొడిగి పిక్కల దగ్గర ముడి వేసుకునేది. దాని మీద రబ్బరు బూట్లు, బూట్ల మీద మళ్లీ సంచులు. జుట్టుకి మేజోళ్లు చుట్టి దాని మీద ఇంకో సంచి. పైన రెయిన్‌కోటు, చేతులకి నాలుగేసి గ్లవ్స్, మొహానికి మాస్కు. గదిలోకి వెళ్లిన ప్రతిసారీ ఇదంతా. నలుగురిలో ముగ్గురు బతికారు, ఆమెకి ఎబోలా సోకలేదు. ఆ పద్ధతిని తర్వాత ఇతరులకీ నేర్పారు. అదే సమయంలో వైద్య సాయ సంస్థలు రాజధాని మన్రోవియాలో బ్లీచు, గ్లవ్స్, గౌను లాంటివి పెట్టిన కిట్లు వేల ఇళ్లకి పంచాయి. మంచాలు ఖాళీ లేనప్పుడు రోగం ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది, కాబట్టి సామాను కూడా ఇంటికే వెళ్లాలి అన్న లెక్క.

ఆ అమ్మాయికి తెలివీ ధైర్యం మాత్రమే ఉంటే సరిపోయేది కాదు. తీసేటప్పుడు ఏది ముందు తీయాలి, ఏది దేనికి తగలకూడదు అన్నది ఆమె చదువులో నేర్చుకుంది. కిట్టు పంచేసి చేతులు దులిపేసుకునే పథకాల్లో లోపించేది ఇదే. మాస్కు ఇవ్వడం ఒక నిమిషం పని, విప్పడం నేర్పడానికి ఒక మనిషి కావాలి.

కోవిడ్‌లో సంపన్న దేశాలు కూడా ఈ విషయంలో తడబడ్డాయి. మొదట్లో మాస్కులు, గ్లవ్స్ ఆసుపత్రులకే చాలలేదు కాబట్టి ఇళ్లలో ఉన్నవాళ్ల ఊసే లేదు. స్కాట్లాండ్ 2020 వసంతంలోనే వీళ్లకి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో అది 2021 ఆరంభానికి గానీ దేశమంతటా రాలేదు, అదీ రోగితో కలిసి ఉండకుండా వేరే ఇంటి నుంచి వచ్చి చూసుకునేవాళ్లకి మాత్రమే. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకి గాలి ఎలాగూ ఒకటే కదా అన్నది అక్కడి వాదన. అందులో కొంత నిజం ఉంది. ఉద్యోగానికి బస్సులో వెళ్లొచ్చే కూతురూ, అసలు గడప దాటని తండ్రీ ఒకే గాలి పీల్చడం లేదన్నది మిగతా నిజం.

ఆసుపత్రి గుమ్మం దగ్గర

నికీ జెరార్డ్ అనే బ్రిటిష్ రచయిత్రి తండ్రి జాన్‌కి అల్జీమర్స్, మతిమరుపు జబ్బు. ఉన్నంతలో బాగానే గడుపుతున్నారు. 2014 ఆరంభంలో కాలి పుండ్ల చికిత్స కోసం ఆసుపత్రిలో చేర్చారు. అప్పుడే ఆ వార్డులో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అంటుకోవడంతో సందర్శకుల్ని బాగా తగ్గించేశారు. ఐదు వారాల తర్వాత ఇంటికొచ్చిన మనిషి ఎముకల గూడైపోయారు, నడవలేరు, మాట కూడబలుక్కోలేరు. ఆ ఏడాది చివర్లో చనిపోయారు. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్నవాళ్లతో వాళ్లని చూసుకునే మనిషిని ఉండనివ్వాలంటూ ఆమె, జూలియా జోన్స్ కలిసి 'జాన్స్ క్యాంపెయిన్' మొదలుపెట్టారు.

ఆ ఒక్క వార్డులో జరిగిందే ఆరేళ్ల తర్వాత, కోవిడ్‌లో, ప్రపంచమంతా జరిగింది. చూసుకునే మనిషిని సందర్శకుల లెక్కలో వేసి గుమ్మం బయట ఆపేశారు. సందర్శకులంటే పువ్వులు పట్టుకొచ్చి అరగంట కూర్చుని వెళ్లేవాళ్లు. మాట రాని కొడుకు కనుబొమ్మ ముడిచాడంటే నొప్పి అని, పెదవి కొరికాడంటే భయం అని తెలిసిన తల్లి సందర్శకురాలు ఎలా అవుతుంది? ఆవిడ అక్కడ వైద్య సిబ్బందికి దుబాసీ. ఇంగ్లండ్ ఆరోగ్య సేవ 2020 ఏప్రిల్‌లో సందర్శనల్ని నిలిపేసినప్పుడు కొన్ని మినహాయింపులు ఇచ్చింది. డిమెన్షియా, ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవాళ్లు తమ మనిషి లేకపోతే తల్లడిల్లిపోతారనుకుంటే ఒకరిని ఉండనివ్వవచ్చంది. కాగితం మీద మినహాయింపు ఉంది. రాత్రి పదకొండు గంటలకి గేటు దగ్గర ఉన్న సెక్యూరిటీ మనిషికి ఆ కాగితం సంగతి తెలుసా అన్నదే అసలు ప్రశ్న. మెడలో వేసుకునే ఒక కార్డు చాలు, దాని మీద 'సందర్శకులు కాదు, సంరక్షకులు' అని ఉంటే. కానీ కార్డు ఇవ్వాలంటే మళ్లీ జాబితా కావాలి.

డబ్బు రెండు దారుల్లో వస్తుంది

ఇక్కడే చాలామంది తికమకపడతారు. చూసుకునేవాళ్లకి డబ్బు ఇచ్చే పద్ధతులు స్థూలంగా రెండు. ఒకటి, ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది కాబట్టి పోయిన జీతంలో కొంత ఇవ్వడం. రెండు, చూసుకుంటున్నారు కాబట్టి ఇవ్వడం. పైకి ఒకేలా ఉంటాయి, అందుకునే మనుషులు మాత్రం వేరు.

మొదటి దారికి కెనడా మంచి ఉదాహరణ. 2020 సెప్టెంబరు చివర్లో మొదలై 2022 మే దాకా నడిచిన పథకంలో, చూసుకునే పని వల్ల ఉద్యోగానికి వెళ్లలేనివాళ్లకి వారానికి 500 డాలర్లు ఇచ్చారు. కనీసం సగం పని వారం పోయి ఉండాలి. 2019 నుంచి ఏదో ఒక ఏడాదిలో గానీ, దరఖాస్తుకి ముందు పన్నెండు నెలల్లో గానీ 5,000 డాలర్లైనా సంపాదించి ఉండాలి. ఉన్నట్టుండి డే కేర్ మూతపడిన ఉద్యోగికి ఇది ప్రాణం లేచొచ్చినట్టే. కానీ నాలుగేళ్ల కిందటే ఉద్యోగం వదిలేసి తల్లి పక్కన కూర్చున్న మనిషికి ఇందులో చోటు లేదు. పోగొట్టుకోవడానికి ఆమె దగ్గర జీతమే లేదు కదా. అమెరికాలో 2020లో తెచ్చిన చట్టం 500 మంది కంటే తక్కువ ఉన్న సంస్థల ఉద్యోగులకి, పిల్లల బడి మూతపడితే మూడింట రెండొంతుల జీతంతో పది వారాల సెలవు ఇచ్చింది. అది బిడ్డ కోసమే. తల్లి వెళ్లే వృద్ధుల సెంటర్ మూతపడితే అందుకు ఆ పది వారాల సెలవు లేదు. మూతపడిన తలుపు ఒకటే, లోపల ఉన్నది ఎవరన్న దాన్ని బట్టి సెలవు.

జర్మనీ ఈ సంగతి కాస్త బాగా ఆలోచించింది. ఇంట్లో ఎవరికైనా సంరక్షణ ఏర్పాటు ఉన్నట్టుండి దెబ్బతింటే ఉద్యోగులు తీసుకోగలిగే 10 రోజుల సెలవుని మహమ్మారి కాలానికి 20 రోజులు చేసి, ఆ రోజులకి భృతి ఇచ్చింది. బదులు మనిషి రాకపోవడాన్నే కారణంగా గుర్తించింది చూడండి, అది నాకు నచ్చింది.

రెండో దారిలో స్కాట్లాండ్ 2020 జూన్‌లో కేరర్స్ అలవెన్స్ తీసుకునేవాళ్లకి ఒక్కసారికి 230.10 పౌండ్లు అదనంగా వేసింది. దరఖాస్తు అక్కర్లేదు, ఖాతాలో నేరుగా పడింది. జాబితా ఉన్నచోట సాయం ఎంత తేలిగ్గా చేరుతుందో ఇది చెప్తుంది. జాబితాలో లేనివాళ్ల గతేమిటో కూడా. బ్రిటన్ ప్రభుత్వం చేసిన ఒక చిన్న సడలింపు మాత్రం నిజంగా తెలివైనది: 35 గంటల లెక్కలో ఫోన్లో ధైర్యం చెప్పడం, మానసికంగా తోడుండటం కూడా కలుపుకోవచ్చంది. వేరే ఇంట్లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లకూడదన్నది ప్రభుత్వమే, వెళ్లలేదని అలవెన్స్ కోసేస్తే న్యాయం కాదు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలు సంరక్షణ చట్టం కింద తమకున్న బాధ్యతల్లో కొన్నింటిని తాత్కాలికంగా పక్కన పెట్టుకునే వీలు కూడా చట్టం ద్వారా ఇచ్చారు. ఎనిమిది సంస్థలే అధికారికంగా వాడుకున్నాయి. వాడుకోనిచోట సేవలన్నీ యథాతథంగా నడిచాయని అర్థం కాదు.

ఒక గంట

సలహాల్లో ఎక్కువగా వినిపించేది 'మీ గురించి మీరు కూడా శ్రద్ధ తీసుకోండి' అన్నది. ధ్యానం చేయండి, నడవండి, ఎనిమిది గంటలు నిద్రపోండి, టెన్షన్ పడకండి. చెప్పేవాళ్లది మంచి మనసే. రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేవాల్సిన మనిషికి ఎనిమిది గంటల నిద్ర గురించి చెప్పడం ఈత రానివాడికి ఒడ్డు మీద నుంచి ప్రోత్సాహం ఇవ్వడం లాంటిది. సంరక్షకుల మీద భారాన్ని కొలవడానికి 1980 నుంచీ జారిట్ స్కేలు ఉంది, ఇప్పుడు వాడే దాని పూర్తి రూపంలో 22 ప్రశ్నలు. కొలవడం మంచిదే. కొలిచాక ఇవ్వడానికి చేతిలో ఏముంది అన్నది చూసుకోవాలి.

కొలంబియా రాజధాని బొగొటా మహమ్మారి మధ్యలో, 2020 అక్టోబరులో, 'సంరక్షణ బ్లాకులు' తెరవడం మొదలుపెట్టింది. ఒకేచోట లాండ్రీ, చదువు చెప్పే గది, వ్యాయామం, న్యాయ సలహా, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సిబ్బంది. ఒకావిడ బట్టల మూట తెచ్చి మెషిన్‌లో వేస్తుంది. తాను చూసుకునే మనిషిని పక్క గదిలో సిబ్బందికి అప్పగిస్తుంది. మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఎప్పుడో ఆగిపోయిన చదువు పాఠం వింటుంది. అలాంటి చోటికి రాలేనివాళ్ల ఇంటికి మనిషిని పంపే ఏర్పాటు కూడా చేశారు. మగవాళ్లకి సంరక్షణ పని నేర్పే తరగతులు కూడా పెట్టారు. ఇక్కడ ఆవిడ చేతికి ఇచ్చింది గంట సమయం. ఆ గంటలో ఏం చేసుకోవాలో ఆవిడ చూసుకుంటుంది.

కాబట్టి లాక్‌డౌన్ నియమాలు రాసేటప్పుడు డే కేర్ సెంటర్లని వినోద కేంద్రాలతో కలిపి మూసేయడం పెద్ద పొరపాటు. వాటిని మందుల షాపులతో కలిపి చూడాలి. తక్కువ మందితో, విడతల వారీగా, కిటికీలు తెరిచి అయినా సరే నడపాలి. అది కుదరని రోజుల్లో ఫలానా ఇంటికి ఫలానా ఇద్దరు వేరే ఇంటి నుంచి రావచ్చు అని ముందే అనుమతి ఇచ్చి, వాళ్లకి పరీక్షలు, మాస్కులు, టీకా ముందుగా అందించాలి. అమ్మనో నాన్ననో చూసుకునే బడి పిల్లల్ని కూడా ఇక్కడే తలుచుకోవాలి. వాళ్లకి బడే బదులు మనిషి. బడులు మూతపడ్డప్పుడు కొన్ని దేశాల్లో అత్యవసర సిబ్బంది పిల్లలకీ, సాయం అవసరమైన పిల్లలకీ తరగతులు తెరిచే ఉంచారు. ఈ పిల్లల పేర్లు ఆ జాబితాలో ఎక్కాలంటే, ఇంట్లో వాళ్లేం చేస్తున్నారో టీచర్‌కి తెలిసి ఉండాలి.

ఫ్రిజ్ మీద కాగితం

ప్రభుత్వం ఏం చేసినా చేయకపోయినా, ఇంట్లో ఈ రోజే చేసుకోగలిగింది ఒకటుంది. బ్రిటన్‌లో 2020లో సంరక్షకులకి ఇచ్చిన మార్గదర్శకాల్లో అత్యవసర ప్రణాళిక రాసి పెట్టుకోమన్నారు: మీరు పడిపోతే మీ బదులు వచ్చే మనిషికి పనికొచ్చే కాగితం. మందులు, వాటి సమయాలు, అలర్జీలు, డాక్టర్ ఫోన్ నంబరు లాంటివి పది నిమిషాల్లో రాసేయవచ్చు. ఆ తర్వాతవి రాయడానికే టైమ్ పడుతుంది, ఎందుకంటే అవి చూసుకునే మనిషి చేతులకి తెలుసు గానీ ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. కుడి చెవి వినబడదు, ఎడమ వైపు నుంచే పిలవాలి. మాస్కు వేసుకున్న కొత్త మనిషిని చూస్తే భయపడతారు, ముందు దూరంగా నిలబడి ఒకసారి మాస్కు దించి మొహం చూపించాలి. స్నానానికి ముందు నీళ్లు చేత్తో తాకనివ్వాలి. సాయంత్రం అయితే ఇంటికి వెళ్లిపోతానంటారు, ఇదే ఇల్లు అని వాదించకూడదు, తలుపు దాకా నడిపించి వెనక్కి తేవాలి.

కాగితం చివర రెండు ఖాళీలు ఉంచాలి: వెంటనే రాగలిగిన మనిషి పేరు, ఆ మనిషి కూడా జబ్బు పడితే వచ్చే రెండో మనిషి పేరు. మొదటి ఖాళీ ఎలాగోలా నిండుతుంది. రెండోది చాలా ఇళ్లలో ఖాళీగానే ఉండిపోతుంది. ఆ కాగితం నకలు ఒకటి ఫ్యామిలీ డాక్టర్‌కి, ఇంకోటి స్థానిక కార్యాలయానికి ఇస్తే, రెండో గడి ఖాళీగా ఉన్న ఇళ్లు ఏవో వాళ్లకి ముందే తెలుస్తుంది, మనిషిని సిద్ధం చేయాల్సింది ఎక్కడో కూడా.